నిన్నటి నిజం – నేటి అపోహ

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యం వాడే వస్తువులను గురించి సమాజంలో ఎన్నో అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో అనుభవసారం కొంత, అపోహ కొంత. ఈ రెంటినీ వేరుచేసి చూడగల వివేకాన్ని, విన్న మాటను పరీక్షించి స్వీకరించే గుణాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

మానవుడు వస్తువులను వాడడం నేర్చుకొన్ననాటి నుంచే వాటి గుణాలకు కారణాలు వెదకడం మొదలుపెట్టాడు. మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడుతుంది? ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది? ఇటువంటి ప్రశ్నలకు ప్రతి తరమూ తనకు తోచిన సమాధానం చెప్పుకొన్నది. ఆ సమాధానాలలో కొన్ని పరీక్షకు నిలిచి శాస్త్రమయ్యాయి. కొన్ని నిలవలేకపోయినా నోటిమాటగా మిగిలిపోయాయి. అలా మిగిలిన వాటినే అపోహలు అంటున్నాము.

వేసవి సెలవులు ముగిసి కళాశాలలు తెరిచే రోజులలో ఎన్నో ఇండ్ల ముందు ఒక దృశ్యం కనిపిస్తుంది. సెలవులకు ఊరికి వెళ్ళేటప్పుడు మోటారు సైకిలు బ్యాటరీని ఊడదీసి గచ్చుమీద పెట్టి ఉంటారు. తిరిగి వచ్చాక దానిని బిగించి ఇంటి యజమాని మీట నొక్కుతాడు. ‘టిక్కు’మనే చప్పుడే తప్ప ఇంజను కదలదు. అంతలో నలుగురు చేరతారు. “సిమెంటు నేలమీద పెట్టారు, ఛార్జింగు నేలలోకి దిగిపోయింది” అంటాడు ఒకడు. “కొంచెం యాసిడ్ పోయిస్తే బలం వస్తుంది” అంటాడు రెండవవాడు. “ఉన్నది కూడా పూర్తిగా దిగిపోనిచ్చి, ఆ తరువాత ఛార్జింగు పెట్టాలి” అని మూడవవాని సలహా. “వెళ్ళకముందు రోజూ పది నిమిషాలు ఇంజనును ఊరక తిప్పి ఉంటే ఇంత వచ్చేది కాదు” అని నాలుగవవాని తీర్పు. నాలుగు మాటలూ మేలు కోరి చెప్పినవే. అయినా నాలుగింటిలో ఏదీ పూర్తిగా సరియైనది కాదు. విచిత్రమేమంటే, వాటిలో కొన్ని ఒకప్పుడు, ఒకచోట నిజమైనవే. ఆ సంగతి తెలిస్తే అపోహలు ఎలా పుడతాయో కూడా తెలుస్తుంది.

అపోహల పుట్టుక

పెన్సిలును చూడండి. దాని ములికిని నేటికీ చాలామంది ‘లెడ్’ అంటారు. లెడ్ అంటే సీసం. పెన్సిలు ములికిలో సీసం రవ్వంతయినా లేదు. పదహారవ శతాబ్దంలో ఇంగ్లండులోని బారోడేల్ లోయలో ఒక నల్లని ఖనిజం దొరికింది. గొర్రెల మీద గుర్తులు పెట్టుకోవడానికి, కాగితం మీద గీతలు గీయడానికి అది పనికివచ్చింది. చూడడానికి సీసపు ఖనిజంవలె ఉండడంతో దానిని నల్లసీసం అన్నారు. 1779లో కార్ల్ షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు అది కర్బనపు రూపమని నిరూపించాడు. దానికి గ్రాఫైట్ అనే పేరు తరువాత వచ్చింది. పదార్థం సంగతి తేలి రెండు శతాబ్దాలు దాటినా పాత పేరు పోలేదు. పెన్సిలు గుచ్చుకొంటే సీసపు విషం ఎక్కుతుందనే భయమూ పోలేదు. ఇది పేరువల్ల పుట్టిన అపోహ.

ఇంద్రియాలవల్ల పుట్టే అపోహలు మరికొన్ని. తెల్లవారుజామున తరగతి గదిలోని ఇనుప కుర్చీని ముట్టుకొంటే చల్లగా, చెక్కబల్లను ముట్టుకొంటే వెచ్చగా ఉంటుంది. ఇనుము సహజంగా చల్లనిదని, చెక్క వెచ్చనిదని అనుకోవడం పరిపాటి. రాత్రంతా ఒకే గదిలో ఉన్న ఆ రెండింటి ఉష్ణోగ్రతా ఒక్కటే. ఉష్ణమాపకం పెట్టి చూస్తే ఈ మాట రుజువవుతుంది. ఇనుము చేతిలోని వేడిని త్వరగా లాగుకొంటుంది, చెక్క లాగుకోలేదు. మన చర్మం వస్తువు ఉష్ణోగ్రతను కాక, తాను కోల్పోయే వేడిని పసికడుతున్నదన్న మాట.

సగం పరిశీలనవల్ల పుట్టేవి ఇంకొన్ని. ఐరోపాలోని పురాతన చర్చీల కిటికీ అద్దాలు కొన్ని పై అంచున పలుచగా, కింది అంచున మందంగా ఉంటాయి. గాజు నిజానికి ద్రవమని, శతాబ్దాల తరబడి మెల్లగా కిందికి జారుతున్నదని కొందరు ఊహించారు. ఆ కాలంలో కరిగిన గాజును పళ్ళెంలా తిప్పి పలకలు తయారు చేసేవారు. అందువల్ల పలక అంతటా ఒకే మందం ఉండేది కాదు. బిగించేవారు చాలాసార్లు మందపు అంచును కిందికి ఉంచేవారు. గాజు జారేదే అయితే రెండు వేల ఏండ్లనాటి రోమను గాజుపాత్రలు నేటికి ఆకారం కోల్పోయి ఉండవలసింది. మ్యూజియములలో అవి చెక్కుచెదరక నిలిచి ఉన్నాయి.

అయితే పెద్దలు చెప్పిన ప్రతి మాటా అపోహ అనుకోవడం మరొక అపోహ. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలలో చింతపండు పులుసు కాచకూడదని మన అమ్మమ్మలు చెప్పేవారు. పులుపులోని ఆమ్లం రాగిని కరిగించి ఆహారంలో కలుపుతుంది. తగరపు పూత అయిన కళాయి దానిని అడ్డుకొంటుంది. మట్టికుండ చెమ్మగిల్లి, ఆ చెమ్మ ఆవిరి కావడంతో లోపలి నీరు చల్లబడుతుంది. ఆ ఇల్లాండ్రకు రసాయన సూత్రాలు తెలియకపోవచ్చు. కాని వారి మాట పరీక్షకు నిలిచింది. మాట పాతదా, కొత్తదా అన్నది కాదు, పరీక్షకు నిలుస్తుందా, లేదా అన్నదే ప్రధానం.

బ్యాటరీ లోపల

ఇక ఇంటి ముందు కదలని మోటారు సైకిలు వద్దకు వద్దాము. బ్యాటరీ అంటే విద్యుత్తును కుండలో నీళ్ళవలె నింపి ఉంచే పెట్టె అని చాలామంది భావన. నిజానికి దానిలో నిలువ ఉండేది రసాయన శక్తి. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, తిరిగి తిరిగి ఛార్జింగు చేయదగిన బ్యాటరీని రూపొందించాడు. నేటి మోటారు సైకిళ్ళలో అధిక భాగం ఇప్పటికీ ఆ సూత్రం మీదనే ఆధారపడి ఉన్నాయి.

సాధారణంగా ఈ బ్యాటరీలో ఆరు ఘటాలు ఉంటాయి. ప్రతి ఘటంలో ధన పలక మీద లెడ్ డయాక్సైడ్, రుణ పలక మీద గుల్లగా ఉండే సీసం, వాటి నడుమ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. ఒక్కొక్క ఘటం సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరూ కలిసి పూర్తి ఛార్జింగులో 12.6 వోల్టులకు పైగా చూపుతాయి. విద్యుత్తును వాడుకొనేటప్పుడు ఆమ్లంలోని సల్ఫేటు పలకలలోకి చేరి, రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. ఆమ్లం పలుచబడుతుంది. ఛార్జింగు చేసేటప్పుడు ఇదంతా వెనుకకు నడుస్తుంది. సల్ఫేటు పలకలను విడిచి ఆమ్లంలోకి తిరిగి వస్తుంది. ఈ రాకపోకలను గుర్తుంచుకొంటే తక్కిన సంగతులన్నీ సులభంగా బోధపడతాయి.

గచ్చు నేల కథ

బ్యాటరీని సిమెంటు నేల మీద ఉంచితే శక్తి నేలలోకి దిగిపోతుందనే మాట అనేక దేశాలలో వినిపిస్తుంది. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. తొలినాళ్ళలో ఘటాలను గాజుపాత్రలలో ఉంచి, వాటిని కొయ్యపెట్టెలలో అమర్చేవారు. చెమ్మనేల మీద ఉంచితే కొయ్య నానేది. తడిసిన కొయ్య మీదుగా, దాని మీద ఒలికిన ఆమ్లం మీదుగా కొద్దిపాటి విద్యుత్తు కారిపోయే వీలుండేది. బ్యాటరీని నేలమీద పెట్టవద్దని ఆనాటి పనివారు చెప్పినదానిలో తప్పు లేదు. నేటి పెట్టెలు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కుతో తయారవుతున్నాయి. అది విద్యుత్తును పోనీయదు, నీటిని పీల్చుకోదు. పెట్టె మారింది, మాట మారలేదు.

అయితే గచ్చుమీద ఉంచిన బ్యాటరీ దిగిపోయిన మాట నిజమే కదా అనే ప్రశ్న వస్తుంది. ఎక్కడ ఉంచినా అది కొంత దిగిపోతుంది. పలకలకు, ఆమ్లానికి మధ్య చర్య ఎవరూ వాడకపోయినా మెల్లగా సాగుతూనే ఉంటుంది. దానిని స్వయం నిరావేశం అంటారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. కనుక చల్లని గచ్చు బ్యాటరీకి మేలే చేస్తుంది. అటక మీది వేడి కీడు చేస్తుంది. పైభాగాన దుమ్ము, తడి చేరి ఉంటే రెండు కొనల మధ్య సన్నని విద్యుత్ప్రవాహం సాగే అవకాశం ఉన్నది. అందుచేత తుడిచి పొడిగా ఉంచడం అవసరం. అన్నింటినీ మించి, సగం ఛార్జింగుతో ఊడదీస్తే సగంతోనే అది విశ్రాంతికి వెళుతుంది. ఊరికి వెళ్ళేముందు పూర్తిగా ఛార్జింగు చేసి, నెలకొకసారి సరిచూడడమే దీనికి ఉపాయం.

బ్యాటరీని బండిలోనే ఉంచినా పూర్తి విశ్రాంతి ఉండదు. గడియారం, దొంగల హెచ్చరిక పరికరం వంటివి నిరంతరం కొంత విద్యుత్తును వాడుతూనే ఉంటాయి. అటువంటి పరికరం పది మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసుకొంటుందని అనుకొన్నా, నెల రోజులకు 7.2 ఆంపియర్-గంటలు అవుతుంది. చాలా మోటారు సైకిళ్ళ బ్యాటరీ మొత్తం సామర్థ్యమే అంతకన్న తక్కువ. చుక్క చుక్కగా కారినా కుండ ఖాళీ అవుతుందన్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఆమ్లమా, నీరా?

మూతలు తీసి నింపే రకం బ్యాటరీలో ద్రవమట్టం తగ్గినప్పుడు ఆమ్లం పోయాలనే అపోహ బలంగా ఉన్నది. మట్టం తగ్గడానికి కారణం నీరు. ఎండకు కొంత నీరు ఆవిరి అవుతుంది. ఛార్జింగు పూర్తయిన తరువాత కూడా కొనసాగితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి బయటికి పోతుంది. ఆమ్లం మాత్రం లోపలనే ఉంటుంది. పోయినది నీరు కనుక పోయవలసినదీ నీరే.

హైడ్రోమీటరుతో చూస్తే దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలుచగా కనిపించే మాట నిజం. అంతమాత్రాన ఆమ్లం తరిగిపోయిందని కాదు, దాని సల్ఫేటు పలకలలో ఉన్నదని అర్థం. ఆ స్థితిలో కొత్త ఆమ్లం పోస్తే, ఛార్జింగు చేసినప్పుడు పాత సల్ఫేటు కూడా తిరిగి వచ్చి ద్రావణం మితిమీరి గాఢమవుతుంది. అది పలకలను తినివేస్తుంది. మొదట కొంత చురుకుదనం కనిపించినా ఆయుష్షు తరిగిపోతుంది. బండి పడిపోయి ఆమ్లమే ఒలికిపోయిన సందర్భం వేరు. దానిని నిపుణులకు విడిచిపెట్టాలి.

పోసే నీరు స్వేదన జలమై ఉండాలి. కాచి వడకట్టిన నీరు దానితో సమానమనుకోవడం పొరపాటు. నీటిని కాచినప్పుడు ఆవిరి పైకి పోతుంది, లవణాలు పాత్రలోనే మిగులుతాయి. మరిగించిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టడం దీనికి సాక్ష్యం. పైకి పోయిన ఆవిరిని పట్టి చల్లబరచినదే స్వేదన జలం. కుళాయి నీటిలోని లవణాలు పలకలకు హాని చేస్తాయి. పెట్టె మీద ఉన్న పై గీతను మించి నీరు పోయరాదు. మూసివేసిన బ్యాటరీలలో విడివడిన వాయువులు లోపలనే తిరిగి నీరవుతాయి. కనుక వాటిని తెరవరాదు.

పూర్తిగా దిగిపోనివ్వాలా?

మూడవ సలహా వేరొక పదార్థం నుంచి అరువు వచ్చినది. ఒకప్పుడు టేపురికార్డర్లలో, తొలి చరవాణులలో నికెల్-కాడ్మియం బ్యాటరీలు వాడేవారు. పూర్తిగా దిగకముందే పదేపదే ఛార్జింగు చేస్తే వాటి సామర్థ్యం తగ్గినట్లు కనిపించేది. అందువల్ల అప్పుడప్పుడు పూర్తిగా దిగనివ్వమని చెప్పేవారు. సీసపు బ్యాటరీకి ఆ గుణం లేదు. పైగా దిగిపోయిన స్థితి దానికి రోగంతో సమానం. పలకల మీది లెడ్ సల్ఫేట్ మొదట సన్నని రేణువులుగా ఉంటుంది. అలాగే వారాల తరబడి విడిచిపెడితే అది గట్టి స్ఫటికాలుగా మారి, ఛార్జింగుకు లొంగదు. బ్యాటరీలు అకాలంగా మూలబడడానికి ఇది ముఖ్య కారణాలలో ఒకటి.

కనుక దిగిన వెంటనే ఛార్జింగు చేయాలి. తొందరపడి పెద్ద ప్రవాహం పంపడం తగదు. సామర్థ్యంలో పదవ వంతు ప్రవాహం మంచిదని చెబుతారు. అయిదు ఆంపియర్-గంటల బ్యాటరీకి అర ఆంపియరు చాలు. విశ్రాంతిలో ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2కు దిగితే సగానికి వచ్చినట్లు ఇంచుమించుగా లెక్కించవచ్చు.

ఊరక తిప్పిన ఇంజను

నాలుగవ సలహాలో కొంత నిజం ఉన్నది. ఇంజను తిరిగితేనే బ్యాటరీకి ఛార్జింగు అందుతుంది. కాని ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు పుట్టే విద్యుత్తు తక్కువ. బండిని కదిలించడానికి ఖర్చయిన శక్తి, వెలుగుతున్న దీపం వాడే శక్తి పోగా బ్యాటరీకి మిగిలేది స్వల్పం. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపు ముందుదీపం వెలుగుతూ ఉండాలనే నిబంధన వచ్చింది. ఊరక తిప్పడంవల్ల పెట్రోలు ఖర్చు, పొగ తప్ప ప్రయోజనం అంతంతమాత్రమే. వారానికి ఒకసారి అరగంట సేపు రోడ్డు మీద నడపడం దానికన్న మేలు.

“బ్యాటరీ పోతే ఏమి, కిక్ కొడితే సరి” అనే ధీమా కూడా నిన్నటిదే. కార్బురేటరు ఉన్న పాత బళ్ళలో ఎన్నింటికో అది చెల్లింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త బళ్ళలో ఎక్కువ భాగం ఇంధనాన్ని విద్యుత్ పంపు ద్వారా చిమ్మే పద్ధతికి మారాయి. ఆ పంపుకు విద్యుత్తు కావాలి. కొన్ని బళ్ళకు కిక్కు కాడే లేదు.

చలికాలపు ఉదయాన బండి కదలకపోతే తప్పంతా చలిమీద మోపడం మరొక వాడుక. చలికి రసాయన చర్య మందగించడం, ఇంజను నూనె చిక్కబడడం వాస్తవమే. కాని మన ప్రాంతంలో అసలు శత్రువు ఎండ. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకడం వింత కాదు. ఆ వేడికి నీరు తరుగుతుంది, పలకలు క్షీణిస్తాయి. వేసవి చేసిన గాయాన్ని చలికాలం బయటపెడుతుంది. బండిని నీడలో నిలపడం ఖర్చులేని సంరక్షణ.

భయపడవలసినది దేనికి?

బ్యాటరీని ముట్టుకొంటే షాకు కొడుతుందని కొందరు జంకుతారు. పొడిచర్మం మీద 12 వోల్టులు హాని చేసేంత ప్రవాహాన్ని పంపలేవు. అసలు ప్రమాదాలు మూడు. మొదటిది హైడ్రోజన్. గాలిలో నాలుగు శాతం చేరినా అది మండగలదు. ద్రవమట్టం చూడడానికి అగ్గిపుల్ల గీయడం, ఛార్జింగు చేసే చోట బీడీ కాల్చడం పేలుడును కోరి తెచ్చుకోవడమే. రెండవది ఆమ్లం. అది కంటిలో పడితే క్షణం ఆలస్యం చేయక ధారాళమైన నీటితో కనీసం పావుగంట కడిగి వైద్యుని వద్దకు వెళ్ళాలి. మూడవది ప్రత్యక్ష సంధానం. పానా రెండు కొనలనూ కలిపితే పెద్ద ప్రవాహం పారి, నిప్పురవ్వలు ఎగసి చేయి కాలుతుంది. నేటి బళ్ళ ఇనుప చట్రం రుణ కొనకు కలిపి ఉంటుంది. కనుక ఊడదీసేటప్పుడు రుణ తీగను ముందుగా తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. అప్పుడు ధన కొన వద్ద పానా జారి చట్రానికి తగిలినా ప్రవాహం సాగదు.

కొనల మీద తెల్లగానో, నీలిగానో పొడి కనబడితే బ్యాటరీ పని అయిపోయిందని తీర్మానించనక్కరలేదు. మూతలు బిగించి ఉన్నాయని చూచుకొని, వంటసోడా కలిపిన నీటితో ఆ పొడిని తుడిచి, కడిగి, ఆరిన తరువాత వాసెలిన్ పూస్తే చాలు. సోడా ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది, వాసెలిన్ తడిని దరిచేరనీయదు.

అసలు సీసం ఎక్కడ ఉన్నది?

ఆయుష్షు తీరిన బ్యాటరీ గతి ఏమిటన్నది చివరి ప్రశ్న. పెన్సిలులో లేని సీసానికి భయపడే మనిషి, బ్యాటరీలో కిలోల లెక్కన ఉన్న సీసాన్ని పట్టించుకోడు. సీసం శరీరంలో చేరితే నాడీమండలానికి, ముఖ్యంగా ఎదిగే పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంత వరకు ఫరవాలేదని చెప్పదగిన పరిమితి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పాత బ్యాటరీని పగులగొట్టి, ఆమ్లాన్ని కాలువలో పారబోసి, సీసాన్ని పెరటి పొయ్యిమీద కరిగిస్తే ఆ ధూళి, పొగ ముందుగా చేరేది ఆ పని చేసే కూలీల ఊపిరిలోకి, ఆ వాకిట ఆడుకొనే వారి పిల్లల చేతులకు.

అదే సీసాన్ని తగిన కర్మాగారంలో శుద్ధి చేస్తే మళ్ళీ మళ్ళీ వాడవచ్చు. మన దేశంలో 2001లో బ్యాటరీల నిర్వహణకు నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన 2022 నిబంధనలు వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద ఉంచాయి. వాటిని చెత్తలో కలపక సేకరణ కేంద్రానికి అప్పగించడం వినియోగదారుని విధి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదానిని దుకాణంలో ఇచ్చివేయడం అందరికీ సాధ్యమైన పని.

అపోహ అజ్ఞానుల సొత్తు కాదు. కొయ్యపెట్టె నాటి పనివాని జాగ్రత్త, నికెల్-కాడ్మియం నాటి వాడకందారుని అనుభవం, కార్బురేటరు నాటి బండివాని ధీమా, ఇవన్నీ తమ కాలంలో తెలివైన మాటలే. పదార్థం మారినప్పుడు మాటను కూడా మార్చుకోకపోవడమే లోపం. ఇంటి ముందు చేరిన నలుగురినీ ఎగతాళి చేయడంవల్ల ప్రయోజనం లేదు. “ఇది ఏ వస్తువును గురించి, ఏ కాలంలో చెప్పిన మాట?” అని ఒక్క ప్రశ్న వేయగలిగితే చాలు. ఆ ప్రశ్నకు సమాధానం వెదికే విద్యార్థి బ్యాటరీ ఆయుష్షునే కాదు, దాని చుట్టూ బ్రతికే మనుషుల ఆరోగ్యాన్నీ కాపాడినవాడవుతాడు.

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అపోహలు పుట్టడానికి గల కారణాలను పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
2. మోటారు సైకిలు బ్యాటరీ సంరక్షణలో పాటించవలసిన జాగ్రత్తలను, వాటి వెనుక ఉన్న శాస్త్రీయ కారణాలను రాయండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. బ్యాటరీలో ద్రవమట్టం తగ్గినప్పుడు ఆమ్లం ఎందుకు పోయరాదు?
2. గచ్చు నేలను గురించిన మాట ఒకప్పుడు ఎందుకు సమంజసమైనది?
3. కాచిన నీటికి, స్వేదన జలానికి గల భేదం ఏమిటి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పెన్సిలు ములికిలో ఉండే ప్రధాన పదార్థం ఏది?
2. తిరిగి ఛార్జింగు చేయదగిన సీసపు బ్యాటరీని రూపొందించినది ఎవరు?
3. బ్యాటరీని ఊడదీసేటప్పుడు ఏ తీగను ముందుగా తీయాలి?